స్కేదరార్‌సాండుర్ పాయల పటం: రెండు చిత్రాలు, రెండు నదులు. ఏది నమ్మాలి?

పాయలపటం
అందరికీ నమస్కారం. ఐస్లాండ్ దక్షిణ తీరంలోని స్కేదరార్‌సాండుర్ మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. ఆ చోటు తెలియనివారికి రెండు ముక్కలు. వాత్నాయోకుల్ అనే పెద్ద మంచు పీఠభూమి నుంచి స్కేదరార్‌యోకుల్ అనే హిమానీనదం దక్షిణానికి దిగుతుంది. దాని అంచు నుంచి సముద్రం దాకా వెయ్యి చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా నల్ల ఇసుక, కంకర పరుచుకుని ఉంటాయి. మంచు కరిగిన నీరు ఆ మైదానం మీద పాయలుగా చీలుతూ, మళ్లీ కలుస్తూ పారుతుంది. హిమానీనదం ఏటేటా వెనక్కి తగ్గుతోంది.

మధ్యలో పారే గీగ్యుక్విస్ల్ నది పాయలను గీస్తున్నాను. జూలైలో అయిదు రోజుల తేడాతో తీసిన రెండు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు దొరికాయి. రెండింటిలోనూ మబ్బు లేదు. ఒకే నీటి సూచిక (నీటిని నేల నుంచి వేరు చేసే లెక్క), ఒకే హద్దు విలువ (సూచిక దాన్ని మించితే నీరని లెక్క) వాడాను. అయినా రెండో చిత్రంలో పాయలు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వస్తున్నాయి. మా గైడ్ గారు మాత్రం నివేదికలో ఒకే పటం ఉండాలి, నదికి పాయలెన్నో ఒక్క అంకెలో చెప్పాలి అంటున్నారు. రెండింటి సగటు తీసుకుంటే సరిపోతుందా?

కొలబద్ద
సగటు మాత్రం తీయకండి. ఆ సగటు నది ఏ రోజూ ఎక్కడా పారలేదు.

హిమానీనదం దిగువన నీరు ఎండను బట్టి నడుస్తుంది. పొద్దున మంచు కరగడం మొదలై, మధ్యాహ్నం ఊపందుకుని, ఆ నీరు బయటికొచ్చేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. తెల్లవారుజామున మళ్లీ తగ్గుతుంది. కెనడాలో అథబాస్కా హిమానీనదం కింద సన్‌వాప్టా అనే నది ఉంది. అల్లుకున్న పాయల మీద పనిచేసేవాళ్లందరికీ అది బడి. పొద్దున పొడిగా ఉన్న మేట మీదుగా సాయంత్రానికి నీళ్లు పారతాయి అక్కడ. పాయల సంఖ్య అనేది నది గుణం ఒక్కటే కాదు, ఆ గంటకు వచ్చిన నీటి గుణం కూడా. మీ రెండు చిత్రాలూ సరైనవే అయి ఉండవచ్చు.

ఉపగ్రహం64
కొలబద్ద గారూ, ఒక చిన్న చిక్కు ఉంది. సెంటినెల్-2 ఒక చోటును దాదాపు ఒకే వేళకు దాటుతుంది. ఐస్లాండ్ మీద మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య. రెండు చిత్రాలూ ఒకే గడియారం వేళకు తీసినవైతే రోజువారీ ఎత్తుపల్లాలు ఈ తేడాకు కారణం కాలేవు.

కొలబద్ద
గడియారం ఒకటే, వాతావరణం ఒకటి కాదు కదండీ. మధ్యలో ఒక వెచ్చని గాలి వచ్చినా, వాన పడినా చాలు. పైగా స్కేదరార్‌యోకుల్ చాలా పెద్దది. చిన్న హిమానీనదం కింద రోజువారీ అల గట్టిగా కనిపిస్తుంది. పెద్దదాని కింద నీరు మంచు లోపల చాలా దూరం ప్రయాణించి వస్తుంది కనుక ఆ అల కొంత చదునవుతుంది, రోజుల తరబడి సాగే ఎండా వానల ప్రభావం పైకి తేలుతుంది. పాయలపటం గారూ, ఆ వారం వాన వివరాలు ఐస్లాండ్ వాతావరణ సంస్థ దగ్గర దొరుకుతాయి. ముందు అవి చూడండి. మీరు చెప్పిన తేడాలో ఎక్కువ భాగం అక్కడే తేలుతుందని నా అంచనా.

ఉపగ్రహం64
అది ఒప్పుకుంటాను. అయితే నీటి మీదకు నెపం నెట్టే ముందు సూచికను కూడా నిలదీయాలి.

ఉపగ్రహం కాంతిని బ్యాండులుగా, అంటే రంగు పట్టీలుగా విడదీసి కొలుస్తుంది. మామూలు నీటి సూచిక ఆకుపచ్చ బ్యాండును, కంటికి కనబడని సమీప పరారుణ బ్యాండును పోలుస్తుంది. స్వచ్ఛమైన నీరు పరారుణాన్ని మింగేస్తుంది కనుక విలువ బాగా పైకి వస్తుంది. కానీ ఇది హిమానీనదం నీరు. రాయిని రాయి నూరిన మెత్తటి పొడి కలిసి బూడిద రంగులో ఉంటుంది. ఆ పొడి పరారుణాన్ని వెనక్కి పంపుతుంది, నీటి విలువ కిందికి దిగుతుంది. ఇటుపక్క నేల అగ్నిపర్వతాల నల్ల ఇసుక. అన్ని బ్యాండుల్లోనూ చీకటిగానే ఉంటుంది, తడిస్తే మరీను. అంటే నీరు నేలలా, నేల నీటిలా కనిపించే చోటు ఇది. గంగా మైదానంలో పనిచేసిన హద్దు విలువను ఇక్కడికి తెచ్చి పెడితే తడి ఇసుక అంతా నదైపోతుంది.

హ్రస్వ తరంగ పరారుణం వాడే సవరించిన సూచిక దీనికి కొంత మేలు, ఎందుకంటే బురదనీరు కూడా ఆ కాంతిని బాగానే మింగుతుంది. కానీ సెంటినెల్-2లో ఆ పదకొండో బ్యాండు 20 మీటర్లది, అంటే చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) నేల మీద 20 మీటర్ల వెడల్పు. ఆకుపచ్చ మూడో బ్యాండు 10 మీటర్లది. పది మీటర్ల పాయ ఇరవై మీటర్ల గడిలో సగం నీరు, సగం ఇసుక. హద్దు విలువ ఒక పిసరు ఇటు కదిలితే ఆ పాయ ఉంటుంది, అటు కదిలితే మాయమవుతుంది. పాయలపటం గారు ఏ సూచిక వాడారో చెప్పలేదు.

పాయలపటం
సవరించినదే వాడాను. వాన సంగతి చూశాను. రెండో చిత్రానికి ముందు రెండు రోజులు ఆ ప్రాంతంలో బాగానే పడింది.

కొలబద్ద
అనుకున్నాను.

ఉపగ్రహం64
వాన పడితే ఇసుక కూడా తడుస్తుందని మరవకండి. ఎక్కువగా వచ్చిన పాయల్లో కొన్ని నీరు, కొన్ని ఉత్త తడి. రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి సహజ రంగుల్లో కంటితో చూడండి. పారే పాయకు మొదలూ చివరా ఉంటాయి. తడి మచ్చ ఎక్కడో మొదలై ఎక్కడికీ పోదు.

గోదావరిగట్టు
నీటిపారుదల శాఖలో గట్ల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఈ మంచు సంగతులు నాకు తెలియవు గానీ, కొలబద్ద గారి మాట మాత్రం ఎరిగినదే. కోనసీమ లంకల ఫొటో ఎవరైనా తెచ్చి కోత ఎంత, మేట ఎంత అని అడిగితే, ఆ రోజు ధవళేశ్వరంలో నీటిమట్టం ఎన్ని అడుగులో చెప్పమనేవాళ్లం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 17.75కు మూడోది. వేసవిలో తీసిన ఫొటోనూ మూడో హెచ్చరిక నాటి ఫొటోనూ పక్కపక్కన పెట్టి లంక కోసుకుపోయింది అంటే చిన్నపిల్లవాడు కూడా నవ్వుతాడు. లంక ఎక్కడికీ పోలేదు, నీళ్ల కింద ఉంది.

ఒక అనుమానం. ఈ ఐస్లాండ్ మేటలు కూడా మా లంకల్లాంటివేనా? సాగు చేస్తారా?

కొలబద్ద
సార్, సాగు మాట అటుంచండి, గడ్డి కూడా నిలదొక్కుకోలేదు. లంకను వేళ్లు పట్టి ఉంచుతాయి, ఒండ్రు మెత్తగా అతుక్కుని ఉంటుంది. ఇక్కడ మేట అంటే విడి కంకర, విడి ఇసుక. ఒడ్డు అనేదే గట్టిగా ఉండదు. నది మోయగలిగిన దానికంటే ఎక్కువ కంకర పైనుంచి వస్తుంది. మోయలేనిది మధ్యలో దింపుతుంది, దింపినదాన్ని చుట్టుకుని రెండుగా చీలుతుంది. అల్లుకున్న పాయలు పుట్టేదే అలా. మీ లంక మీద కొబ్బరిచెట్టు కాపుకొచ్చే లోపు ఇక్కడి మేట ఎన్నిసార్లు పుట్టి పోతుందో.

మంచుదారి
ఆలస్యంగా చేరుతున్నాను. నేను ఐస్లాండ్‌లోనే ఉంటాను, దక్షిణ తీరం రోడ్డు మీద పర్యాటకుల బస్సుల పని. గోదావరిగట్టు గారికి తప్పక నచ్చే సంగతి ఒకటి చెబుతాను.

స్కాఫ్తాఫెల్ దగ్గర, మైదానం తూర్పు చివర, స్కేదరా నది మీద 1974లో ఒక వంతెన కట్టారు. దాదాపు 900 మీటర్లు. దేశం చుట్టూ తిరిగే రింగు రోడ్డు పూర్తయిందే దానితో. అంతకు ముందు ఈ మైదానాన్ని దాటి రోడ్డు లేదు. ఆ వంతెన ఇప్పుడూ ఉంది, కింద నది లేదు. 2009 వేసవిలో స్కేదరా తన పాత దారి విడిచి మంచు అంచు వెంబడే పడమటికి పోయి గీగ్యుక్విస్ల్‌లో కలిసిపోయింది. తూర్పున మోర్సా అనే చిన్న వాగు మిగిలింది. దాని మీద 2017లో వేరే పొట్టి వంతెన వేసి, రోడ్డును అటు మళ్లించారు. పాత వంతెన పక్కన నిలబడి ఉంది. బస్సులోనివాళ్లు నది ఎక్కడ అని అడగకుండా ఒక్క రోజూ గడవదు.

గోదావరిగట్టు
అయ్యో! 900 మీటర్ల వంతెన కట్టి నది లేకపోవడమా? డబ్బు వృథా అని అక్కడి పత్రికలు దుమ్మెత్తి పోయలేదా? మా దగ్గరైతే విచారణ సంఘం వేసేవారు.

మంచుదారి
వృథా అనలేం సార్. పాతికేళ్లు గడవకముందే దాని పరీక్ష అయింది. 1996 సెప్టెంబరు చివర మంచు కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీరు నెల రోజుల పాటు గ్రిమ్స్‌వోత్న్ అనే మంచు కింది సరస్సులో చేరి, నవంబరు 5న మంచును ఎత్తి బయటపడింది. శిఖర స్థాయిలో సెకనుకు 45 వేల ఘనపు మీటర్లకు పైగా అని లెక్క. ఇల్లంత మంచుగడ్డలు కొట్టుకొచ్చాయి. గీగ్యుక్విస్ల్ వంతెన పూర్తిగా పోయింది. స్కేదరా వంతెనలో కొంత భాగం పోయినా మిగతాది నిలిచింది. మెలితిరిగిన ఇనుప దూలాలను ఇప్పటికీ స్కాఫ్తాఫెల్ దగ్గర రోడ్డు పక్కన చూడవచ్చు. ముందే రోడ్డు మూసేశారు కనుక ఒక్క ప్రాణం కూడా పోలేదు.

గోదావరిగట్టు
సెకనుకు 45 వేల ఘనపు మీటర్లంటే పదిహేను లక్షల క్యూసెక్కుల పైమాట. ధవళేశ్వరంలో మేం రాత్రంతా కూర్చుని లెక్క చూసుకునే స్థాయి అది. మాకు మూడు లక్షల చదరపు కిలోమీటర్ల నీరు పోగైతే గానీ రాదు. ఇక నోరు మెదపను. ఇంజనీరుకు నా నమస్కారం.

పాయలపటం
మంచుదారి గారూ, చాలా మంచి సంగతి చెప్పారు. అయితే నా పని ఇంకా చిక్కుపడింది. 2000 నుంచి ఇప్పటిదాకా పాయల సంఖ్య ఎలా మారిందో గ్రాఫు వేయాలనుకున్నాను. 2009కి ముందు గీగ్యుక్విస్ల్‌లో ఒక హిమానీనదం నీటిలో కొంత భాగమే ఉంది, తర్వాత స్కేదరా నీరు కూడా చేరింది. ఇక పాత సంఖ్యనూ కొత్త సంఖ్యనూ ఏ ముఖంతో పోలుస్తాను?

కొలబద్ద
ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదే. మనం ఇంతసేపూ పాయలను చూస్తున్నాం, పాయలకు నీరు పోసే నోటిని చూడడం లేదు.

హిమానీనదం ముందుకొచ్చిన కాలంలో తన కింద నేలను గిన్నెలా తవ్వుకుంటుంది. వెనక్కి తగ్గినప్పుడు ఆ గుంట బయటపడుతుంది. పాత అంచు దగ్గర ఎత్తయిన మొరెయిన్ గట్టు (మంచు తోసి పోగేసిన రాళ్లూ మట్టీ), దాని వెనక పల్లం. ఇక నీరు ఎటు పోవాలో మైదానం వాలు నిర్ణయించదు, ఆ పల్లంలో ఏ మూల గండి అన్నిటికంటే కిందికి ఉందో అది నిర్ణయిస్తుంది. స్కేదరాకు జరిగింది అదే. మంచు పలచబడి అంచు వెనక్కి జరిగేకొద్దీ తూర్పు గండి ఎత్తున మిగిలిపోయింది, మధ్య గండి కిందికి ఉంది. ఒక వేసవిలో నీరు లెక్క చూసుకుని దిగువకు పోయింది. దిగువ మైదానం మీద పాయలను మీరు ఎంత నాణ్యంగా గీసినా, ఈ కారణం ఆ పటంలో కనబడదు.

కెనడా యూకాన్‌లో ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. కాస్కవుల్ష్ హిమానీనదం కొస దగ్గర నీరు రెండుగా చీలేది. ఒకటి స్లిమ్స్ నదిగా ఉత్తరానికి పోయి, క్లువానీ సరస్సు మీదుగా చివరికి బేరింగ్ సముద్రం చేరేది. రెండోది ఆల్సెక్ మీదుగా పసిఫిక్‌లోని అలాస్కా సింధుశాఖకు. 2016 మేలో కొస మంచులోనే ఒక లోతైన కోత పడి, దాదాపు నీరంతా రెండో దారి పట్టింది. స్లిమ్స్ లోయలో దుమ్ము తుపానులు మొదలయ్యాయి, క్లువానీ సరస్సు మట్టం పడిపోయింది. ఆ లోయ పాయల పటాన్ని ఆ ఏప్రిల్ దాకా ఎంత శ్రద్ధగా గీసి ఉన్నా, మే సంగతి అందులో దొరికేది కాదు.

కలంతోనేగీస్తా
పాఠం బాగుంది గానీ, ఎమ్మెస్సీ కుర్రవాడి చేత హిమానీనదం కింద గిన్నె లోతు కొలిపిస్తారా? అతను అడిగింది పటం. నా సలహా సూటిగా: సూచికలన్నీ పక్కన పెట్టి చేత్తో గీయండి. మనిషి కంటికి పాయ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో తెలుస్తుంది. యంత్రానికి గడి మాత్రమే తెలుసు.

ఉపగ్రహం64
చేత్తో గీస్తే సోమవారం ఒక నది, శుక్రవారం ఇంకో నది వస్తుంది. మీకూ నాకూ ఒకే చిత్రం ఇచ్చి విడివిడిగా గీయమంటే ఎన్ని చోట్ల కలుస్తాం? ఎంత సన్న పాయ దాకా గీయాలో మీరు ఎవరికీ చెప్పరు, మీకే తెలియదు. యంత్రం తప్పు చేసినా ఒకే రకంగా తప్పు చేస్తుంది, కనుక దాన్ని లెక్కకట్టవచ్చు.

కలంతోనేగీస్తా
ఒకే రకంగా తప్పు చేయడం గొప్పా? తడి ఇసుకను ప్రతిసారీ నది అంటే, వాన పడిన ఏడాదల్లా పాయలు పెరిగినట్టు గ్రాఫు వస్తుంది. అది ఒక వరుసలో తప్పు. దానికంటే నా చేతి వణుకు నయం.

వేదిక నిర్వాహకుడు
ఇద్దరూ విషయం మీదే ఉన్నారు కనుక ఊరుకుంటున్నాను. వ్యక్తులు మధ్యకు రాకుండా చూసుకోండి.

పాయలపటం
రాడార్ వాడితే ఈ గొడవ తీరదా? సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహానికి మబ్బు అడ్డం కాదు, ఐస్లాండ్‌లో మబ్బు లేని రోజు దొరకడమే గగనం.

ఉపగ్రహం64
తీరదు, మారుతుంది. రాడార్‌కు నున్నటి ఉపరితలం నల్లగా కనిపిస్తుంది. నీరూ నున్నగానే ఉంటుంది, సన్న ఇసుకా నున్నగానే ఉంటుంది. గాలి వీస్తే నీటి మీద అలలు లేచి తెల్లబడుతుంది. ఆ తీరంలో గాలి లేని రోజు మబ్బు లేని రోజంత అరుదు, మంచుదారి గారు చెప్పాలి. పాయ ఉందా లేదా అని సరిచూసుకోవడానికి వాడండి, వెడల్పు కొలవడానికి వద్దు.

మంచుదారి
గాలి గురించి: ఇక్కడ కారు తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోమని ప్రతి బస్సులోనూ చెబుతాం. ఇసుక తుపాను వస్తే కారు రంగు లేచిపోతుంది. అద్దె కార్లవాళ్లు దానికి వేరే బీమా అమ్ముతారు.

జన్‌స్కార్‌బాట
కొంచెం పక్కకు వెళ్తున్నాను. లద్దాఖ్‌లో కార్గిల్ నుంచి జన్‌స్కార్ వెళ్లే దారిలో పెన్సి లా కనుమ నుంచి ద్రాంగ్ ద్రుంగ్ హిమానీనదం కనిపిస్తుంది. దాని కింద స్తోద్ నది అచ్చం ఇలాగే పాయలు పాయలుగా పరుచుకుంటుంది. మన దేశంలోనే ఉంది, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. అక్కడ ఎవరైనా ఇలాంటి పటం గీయాలంటే మన ఉపగ్రహాల చిత్రాలు పనికొస్తాయా?

ఉపగ్రహం64
బాగా పనికొస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భూనిధి పోర్టల్‌లో రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-4 కెమెరా చిత్రాలు దొరుకుతాయి. 5.8 మీటర్లు, అంటే సెంటినెల్ కంటే సన్న పాయలు చిక్కుతాయి. అయితే అందులో ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణం, ఈ మూడే బ్యాండులు. హ్రస్వ తరంగం లేదు కనుక సవరించిన సూచిక కుదరదు. ఆ బ్యాండు లిస్-3లో ఉంది గానీ అది 23.5 మీటర్లది. ద్రాంగ్ ద్రుంగ్ కింద ఇసుక నల్లగా ఉండదు కాబట్టి ఐస్లాండ్ అంత ఇబ్బంది పడరు. మంచు కొస దగ్గర ఇప్పటికే సరస్సు ఏర్పడింది, దాన్ని విడిచిపెట్టకండి.

కొలబద్ద
సరస్సు మాట వచ్చింది కనుక పాయలపటం గారికి ఇంకొకటి. కొస దగ్గర సరస్సు ఏర్పడితే పైనుంచి వచ్చే కంకరంతా అందులో దిగిపోతుంది. దిగువకు వచ్చే నీటికి మోయడానికి బరువు ఉండదు, తన అడుగునే తవ్వుకుంటుంది. పాయలు తగ్గి ఒకటి రెండు లోతైన కాలువలు మిగులుతాయి. స్కేదరార్‌సాండుర్‌కు తూర్పున యోకుల్సార్లోన్ సరస్సు దగ్గర చూడండి. 1930ల మధ్యలో ఆ సరస్సు మొదలుకాక ముందు బ్రేదామెర్కుర్ మైదానం మీద నీళ్లు ఇష్టం వచ్చినట్టు తిరిగేవి. ఇప్పుడు వంతెన కింద ఒక్క పొట్టి నది.

అంటే పాయలు తగ్గడానికి మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు: ఆ రోజు నీరు తక్కువ, నది వేరే గండికి మారింది, కంకర సరస్సులో ఆగిపోయింది. పటం మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి. మంచు కరగడం తగ్గిందని మాత్రం దాన్ని చూసి రాయకండి.

పాయలపటం
ఎత్తుల నమూనా ఉంటే మూడోది పట్టుకోవచ్చు కదా? ఆర్కిటిక్‌డెమ్ అనే నమూనా రెండు మీటర్లది ఉచితంగా దొరుకుతోంది, ఐస్లాండ్ మొత్తం ఉంది.

కొలబద్ద
ఉంది, తేదీలతో విడి పట్టీలుగా కూడా ఇస్తారు. కానీ రెండు పట్టీలను కదలని రాతినేల మీద ఒకదానికొకటి సర్దకుండా తీసివేత చేయకండి. ఆ సర్దుబాటు తర్వాత కూడా మిగిలే దోషం అర మీటరు ఉంటే, మూడడుగుల లోతు పాయలో వచ్చే చిన్న మార్పు అందులో కలిసిపోతుంది. మేటల లెక్కకు ఇది చాలదు. మంచు ఎంత పలచబడిందో, గండి ఎంత కిందికి తవ్వుకుందో చూడడానికి మాత్రం దివ్యంగా సరిపోతుంది. మీకు కావలసిందీ అదే.

కలంతోనేగీస్తా
డ్రోను ఎగరేస్తే?

మంచుదారి
జాతీయ ఉద్యానం పరిధిలో ముందే అనుమతి తీసుకోవాలి. అనుమతి వచ్చినా గాలి ఇవ్వదు. పైగా ఆ నీరు సిమెంటు కలిపినట్టు ఉంటుంది, పైనుంచి తీస్తే అడుగు కనబడదు.

పాయలపటం
ఇంతవరకూ అందరూ చెప్పింది కలిపి ఇలా అనుకుంటున్నాను. ఒకే పటం ఇవ్వను. ఒక్కో వేసవిలో దొరికిన మంచి చిత్రాలన్నిటినీ వాడి, ఏ గడిలో ఎన్నిసార్లు నీరు ఉందో చూపే పటం వేస్తాను. ఎప్పుడూ పారే పాయలు ముదురుగా, అప్పుడప్పుడు పారేవి లేతగా వస్తాయి. పాయల లెక్కకు నదికి అడ్డంగా సమాన దూరంలో గీతలు గీసి, ప్రతి చిత్రానికీ విడిగా లెక్కించి, పక్కన తేదీ, వేళ, అంతకు ముందు వాన రాస్తాను. 2009కి ముందు, తర్వాత అని రెండు గ్రాఫులు, మధ్యలో గీత కలపను. మంచు అంచునూ గండ్లనూ ప్రతి ఏడాదికీ చేత్తో గీస్తాను.

కలంతోనేగీస్తా
అదీ! ఆ చివరి వాక్యం చాలు నాకు.

ఉపగ్రహం64
పాత ఏళ్ల విషయంలో జాగ్రత్త. 2003 మే చివర ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహంలో ఒక పరికరం చెడి, అప్పటి నుంచి చిత్రాల్లో ఖాళీ చారలు వస్తాయి. ఆ చారలు మీ అడ్డగీతల మీద పడితే పాయలు తగ్గినట్టు వస్తుంది. పైగా 30 మీటర్ల గడి. 2000ల సంఖ్యలను సెంటినెల్ సంఖ్యలతో నేరుగా పోల్చకండి. పోల్చాలంటే సెంటినెల్‌ను కూడా 30 మీటర్లకు మొద్దుబార్చి అప్పుడు లెక్కించండి. 2009 మార్పు చూడడానికి ఆస్టర్ అనే ఉపగ్రహ కెమెరా చిత్రాలు వెతకండి, 15 మీటర్లు.

గోదావరిగట్టు
మీ గైడ్ గారికి ఒక్క అంకె కావాలన్నారు కదా బాబూ. ఆయనకేం చెబుతారు?

పాయలపటం
అంకె పక్కన తేదీ, వేళ రాసి ఇస్తాను సార్. ఒప్పుకోకపోతే మీ ధవళేశ్వరం ఉదాహరణ చెబుతాను, ఆయనది రాజోలు.

గోదావరిగట్టు
అయితే ఒప్పుకుంటారు. కాకపోతే 17.75 అనండి చాలు.

మంచుదారి
వచ్చే వారం అటువైపు రెండు బస్సులున్నాయి. గీగ్యుక్విస్ల్ కొత్త వంతెన మీద నుంచి ఎగువకు, దిగువకు ఫొటోలు తీసి వేళతో సహా ఇక్కడ పెడతాను. ఆ రోజు ఉపగ్రహం దాటే వేళ ఎవరైనా చెబితే బస్సును అక్కడ పది నిమిషాలు ఆపించగలను.

ఉపగ్రహం64
మీ తేదీలు పెట్టండి, కక్ష్యల పట్టిక చూసి చెబుతాను.